షౌక్ మంచిదే బేటా, ముందు హిసాబ్ చూడు



మన ఇళ్లల్లో ఆంప్లిఫైర్ అంటే ఒకటే అర్థం. మసీదులో చెక్క అల్మారాలో తాళం వేసి పెట్టే అహుజా పెట్టె. మౌజన్ సాబ్ తప్ప ఇంకొకరు దాని మీద చెయ్యి వేయకూడదు. అందుకే కర్నూలులో ఇంజనీరింగ్ రెండో ఏడు చదివే నా భాంజా ఫోన్ చేసి "అమ్మీ, నాకొక ఆంప్ కావాల" అంటే, మా ఆపా నిజంగానే అడిగింది, "ఇంట్లోనే అజాన్ ఇస్తావా ఏమిరా?" అని.

వాడికి కావాల్సింది హెడ్‌ఫోన్ ఆంప్లిఫైర్. అరచేతి వెడల్పున్న నల్ల డబ్బా, ముందు ఒక గుండ్రటి నాబ్, ధర 14,000 రూపాయలు. వాళ్ల అబ్బా కువైట్‌లో ఉంటాడు. కడప జిల్లాలో ఏ మొహల్లాలో రాయి వేసినా కువైట్ ఇంటి మీదే పడుతుంది కదా, వీళ్లదీ అలాంటి ఇల్లే. అబ్బాను అడగడానికి మొహమాటపడి, దోస్త్ కార్డు మీద ఆరు నెలల ఈఎంఐలో తీసుకుంటానని ప్లాను వేసుకున్నాడు. ఆపా ఆ మసలా నా మీదికి తోసింది. "నువ్వే కదా చిన్నప్పటి నుంచి ఈ వైర్ల పిచ్చోడివి, నువ్వే చెప్పు వానికి."

చెప్పాను. ఆ చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను, ఎందుకంటే ఇలాంటి పిల్లలు ఇప్పుడు ప్రతి ఖాందాన్‌లో ఒకరున్నారు. నా రాయ్ ముందే చెప్పేస్తాను. కొత్తగా ఈ షౌక్‌లోకి వచ్చిన నూటికి తొంభై మందికి విడిగా ఆంప్లిఫైర్ అక్కర్లేదు. కావాల్సిన ఆ పది మందికి కూడా ఖరీదైనది అక్కర్లేదు. అయితే "ఫుజూల్ ఖర్చు" అని ఒక్క మాటతో పిల్లల నోరు మూయించడం కూడా నాకు నచ్చదు. హిసాబ్ చూపించి చెప్పాలి.

ముందు షౌక్ గురించి ఒక మాట. మౌసీఖీ మీద ఉలమాలో ఇఖ్తిలాఫ్ ఉంది, నేను ముఫ్తీని కాను, ఆ బహస్‌లోకి వెళ్లను. కానీ మంచి ఆవాజ్ వినాలనే కోరిక మన తహజీబ్‌కి పరాయిది కాదు. ఈజిప్టు ఖారీలు అబ్దుల్ బాసిత్ (1927-1988), మిన్షావీ (1920-1969) తిలావత్ మన ఇళ్లల్లో ఎన్ని క్యాసెట్లలో అరిగిపోలేదు? ఆ పాత రికార్డింగులు మంచి హెడ్‌ఫోన్లో వింటే ఖారీ ఊపిరి తీసుకునే చప్పుడు, ఆయత్ ఆగిన తర్వాత జనం "అల్లాహ్" అని మెల్లగా అనడం వినపడతాయి. కడప పెద్ద దర్గా ఉర్స్‌లో కవ్వాలీ విన్నవాళ్లకి తెలుసు, వెనక వరసలో తాళం వేసే చేతుల చప్పుడుకి ఎంత అసర్ ఉంటుందో. అది ఫోన్ స్పీకర్లో రాదు. కాబట్టి షౌక్ తప్పు కాదు. తప్పంతా ఎక్కడ మొదలవుతుందంటే, ఆవాజ్ మీది ఇష్టం కాస్తా డబ్బాల మీది ఇష్టంగా మారే చోట.

ఇప్పుడు అసలు సంగతి. ఆంప్లిఫైర్ పని ఏంటి? ఫోను నుంచో లాప్‌టాప్ నుంచో వచ్చే బలహీనమైన సిగ్నల్‌కి తాకత్ ఇవ్వడం. అంతే. అది ఆవాజ్‌ని అందంగా చేయదు, చేయకూడదు కూడా. మంచి ఆంప్లిఫైర్ అమానత్‌దార్ లాంటిది, ఇచ్చింది ఇచ్చినట్టు, పెంచి అప్పగిస్తుంది. రికార్డింగులో గరగర ఉంటే గరగరని కూడా అంతే నిజాయితీగా పెంచుతుంది.

ఇక్కడ చాలామంది పిల్లలు చేసే మొదటి గలతీ ఉంది. బ్లూటూత్ నెక్‌బ్యాండ్, ఇయర్‌బడ్స్ వాడేవాళ్లు ఆంప్ కొనాలా అని అడుగుతారు. వద్దు. వాటిలో ఆంప్లిఫైర్ లోపలే ఉంటుంది, ఫోన్ నుంచి గాలిలో వచ్చేది అంకెలు మాత్రమే. మీ ఫోన్‌కి టైప్-సీ నుంచి హెడ్‌ఫోన్ వైరుకి చిన్న డాంగిల్ పెట్టుకున్నా, అందులో డాక్, ఆంప్లిఫైర్ రెండూ గోరంత జాగాలో ఇమిడి ఉంటాయి. అంటే ఆంప్ లేని ఇల్లు లేదు. ఉన్న ఆంప్ చాలుతుందా లేదా అన్నదే సవాల్.

దీనికి రెండు నంబర్లు కావాలి. రెండూ హెడ్‌ఫోన్ డబ్బా మీద ఉంటాయి. ఒకటి ఇంపీడెన్స్, ఓమ్‌లలో. రెండోది సెన్సిటివిటీ, అంటే ఒక మిల్లీవాట్ ఇస్తే ఎన్ని డెసిబెళ్లు మోగుతుందో. మిగతాది పదో తరగతి లెక్క. వోల్టుల్ని వోల్టులతో గుణించి ఓమ్‌లతో భాగిస్తే వాట్లు వస్తాయి. తాకత్ పది రెట్లయితే 10 డెసిబెళ్లు పెరుగుతాయి, రెండు రెట్లయితే 3.

మా వాడి హెడ్‌ఫోన్ డబ్బా మీద 47 ఓమ్‌లు, 96 డెసిబెళ్లు అని ఉంది. ఫోన్లు, మామూలు డాంగిల్స్ అర వోల్టు నుంచి ఒక వోల్టు దాకా ఇస్తాయి. ఒక వోల్టు అనుకుందాం. 1ని 47తో భాగిస్తే సుమారు 21 మిల్లీవాట్లు. 21 రెట్లంటే 13 డెసిబెళ్లు. 96కి 13 కలిపితే 109. అర వోల్టే వచ్చినా 6 తగ్గి 103. సుకూన్‌గా వినేవాళ్లు సగటున 75, 80 దగ్గర వింటారు. తబలా మీద గట్టి దెబ్బ పడినప్పుడో, కవ్వాల్ తాన్ ఎత్తినప్పుడో ఒక 20 డెసిబెళ్లు పైకి దూకుతుంది. అంటే 100 అందితే చాలు. వాడికి అంతకంటే ఎక్కువే అందుతోంది. 14,000 పెట్టి కొనే డబ్బా వాడికి ఇచ్చేదల్లా, ఎప్పుడూ తిప్పకూడని నాబ్ మిగతా సగం.

ఇదే లెక్క బేయర్‌డైనమిక్ డీటీ 770 ప్రో 250 ఓమ్‌ల మోడల్‌కి వేయండి. సెన్సిటివిటీ అదే 96. ఒక వోల్టుకి 4 మిల్లీవాట్లు, అంటే 6 డెసిబెళ్లు, మొత్తం 102. పెద్ద ఓమ్ నంబరు చూసి జనం భయపడే హెడ్‌ఫోన్ కూడా వోల్టు డాంగిల్ మీద మోగుతుంది. సెన్‌హైజర్ హెచ్‌డీ 600 తీసుకుంటే 300 ఓమ్‌లు, కంపెనీ చెప్పేది ఒక వోల్టుకి 97 డెసిబెళ్లు. ఇక్కడ కాస్త తక్కువ పడింది. దీనికి ఆంప్ కావాలనేవాళ్ల మాటలో హక్ ఉంది. కానీ 2 వోల్టులిచ్చే డాంగిల్ పెడితే 6 డెసిబెళ్లు పెరిగి 103 అవుతుంది. అలాంటి డాంగిల్స్ 3,000 రూపాయల అటూఇటూ దొరుకుతున్నాయి. ఇక హైఫైమ్యాన్ కంపెనీ వాళ్ల ప్లేనార్ రకాలున్నాయి. వాటికి ఓమ్‌లు తక్కువైనా కరెంటు ఎక్కువ లాగుతాయి. బల్ల మీద పెట్టుకునే ఆంప్‌కి నిజమైన హక్‌దార్లు అవే.

లెక్క ఇంత సాఫ్‌గా ఉంటే పిల్లలు ఎందుకు కొంటున్నారు? "ఆంప్ పెట్టగానే ఆవాజ్ ఖుల్ గయా" అంటారు. అబద్ధం చెప్పడం లేదు, వాళ్లకి అలాగే వినిపిస్తుంది. కారణం, కొత్త డబ్బా మీద ఆవాజ్ కొంచెం ఎక్కువగా మోగుతోంది. ఒకటి రెండు డెసిబెళ్ల తేడాని మన చెవి "ఎక్కువ శబ్దం" అని గుర్తుపట్టదు, "ఎక్కువ బాగుంది" అనుకుంటుంది. నిజం తేల్చాలంటే కరెంటు పనివాడి దగ్గర ఉండే మల్టీమీటర్ చాలు. 60 హెర్ట్జ్ టోన్ ఒకటి మోగించి, రెండు డబ్బాల నుంచీ వైరు మీద ఒకే వోల్టేజీ వచ్చేలా నాబ్ సరిచేసి, ఏది ఏదో చెప్పకుండా తమ్ముణ్ని మార్చమనండి. పదిసార్లలో ఎన్నిసార్లు కనుక్కున్నారో రాసుకోండి. నేను చేశాను. నా ఇజ్జత్ కోసం ఎన్ని తప్పాయో ఇక్కడ రాయను.

ఈ లోకంలో ఒక నేక్ మనిషి కథ కూడా ఉంది. 2011లో ఎన్‌డబ్ల్యూఏవీగై అన్న మారుపేరుతో ఒకాయన "ఓ2" అనే హెడ్‌ఫోన్ ఆంప్లిఫైర్ డిజైన్ చేసి, సర్క్యూట్, కొలతలు అన్నీ ముఫ్త్‌గా అందరి ముందు పెట్టాడు. తక్కువ ఖర్చులో, మనిషి చెవి పట్టుకోలేనంత సాఫ్‌గా పనిచేసే ఆంప్ చేయొచ్చని కొలిచి చూపించాడు. ఆంప్ అవుట్‌పుట్ ఇంపీడెన్స్ హెడ్‌ఫోన్ ఓమ్‌లలో ఎనిమిదో వంతు దాటకూడదనే మాటను జనంలోకి తీసుకెళ్లిందీ ఆయనే. 2012 తర్వాత మళ్లీ రాయలేదు, అసలు పేరు చెప్పలేదు. కుడి చెయ్యి ఇచ్చింది ఎడమ చేతికి తెలియకూడదని మన పెద్దలు సదఖా గురించి చెప్పేది నాకు గుర్తొచ్చింది. ఆయన చూపించిన దారి తర్వాత తక్కువ ధర ఆంప్‌లు, డాంగిల్స్ ఎంత బాగుపడ్డాయంటే, ఇవాళ 2,000 రూపాయల లోపు ఆపిల్ టైప్-సీ డాంగిల్ కూడా దాదాపు ఒక వోల్టు ఇస్తుంది, దాని అవుట్‌పుట్ ఇంపీడెన్స్ ఒక ఓమ్ దరిదాపుల్లోనే ఉంటుంది. ఒక ఎహ్తియాత్. చాలా ఆండ్రాయిడ్ ఫోన్ల మీద దాని వోల్యూమ్ పూర్తిగా లేవదు. ఆండ్రాయిడ్ వాళ్లు ఇంకో రకం తీసుకోవడం మేలు.

సరే, హిసాబ్ అంతా విన్నాక మా వాడు అడిగాడు. "మరి నాకు ఆవాజ్ సాలడం ల్యా మామూ. ఫుల్లు పెట్టినా సాలడం ల్యా."

ఈ మాటకి నేను ఉలిక్కిపడ్డాను. 100 దాటి మోగే హెడ్‌ఫోన్ ఒక ఇరవై ఏళ్ల పిల్లవాడికి చాలడం లేదంటే, మరమ్మత్తు అవసరమైంది ఆంప్‌కి కాదు.

కర్నూలు వెళ్లి వాడి గది చూశాను. ఏప్రిల్ నెల, రేకుల కప్పు, పైన ఫ్యాను, కిటికీలో ఇనప కూలర్. మన సీమలో ఎండాకాలం ఆరునెలలు ఇళ్లల్లో ఖామోషీ అనేది ఉండదు. కూలర్ హోరులో మనకి తెలియకుండానే వోల్యూమ్ పైకి పోతుంది. ఇలాంటి గదికి చెవి చుట్టూ గట్టిగా మూసే హెడ్‌ఫోనో, చెవిలోపల బిగిసే ఇయర్‌ఫోనో కావాలి. వాడి హెడ్‌ఫోన్ మూసి ఉండే రకమే, కానీ చెమటకీ ఎండకీ దిండ్ల తోలు పెచ్చులు లేచి ఒక పక్క సందు ఇచ్చింది. ఆ సందులోంచి కింది స్వరాలన్నీ బయటికి పోతాయి. ఆ లోటు పూడ్చుకోవడానికి వోల్యూమ్ ఇంకా పెంచుతున్నాడు. కొత్త దిండ్లు 600 రూపాయలు.

ఇంకొకటి వాడంతట వాడు చెప్పలేదు, నేను అడిగితే చెప్పాడు. రాత్రి లైటు తీసేశాక చెవిలో సన్నగా ఈల మోగుతుందట. నాలుగు నెలల నుంచి. "అందరికీ ఉంటదేమో అనుకుంటి మామూ."

మరుసటి రోజు చెవి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. ఒక చెవిలో గులిమి గడ్డకట్టి ఉంది, అది తీసేశారు. తర్వాత గదిలో కూర్చోబెట్టి ఆడియోగ్రామ్ తీశారు. రెండు చెవుల్లోనూ పై స్వరాల దగ్గర గీత కాస్త కిందికి జారింది. డాక్టరు భయపెట్టలేదు, కానీ దిలాసా కూడా ఇవ్వలేదు. ఇక్కడితో ఆపితే ఇక్కడే ఆగుతుంది అన్నారు.

మనిషి చెవి లోపల శబ్దం పట్టే సన్నటి వెంట్రుక కణాలు చెవికి 15,000 దాకా ఉంటాయి. అవి చస్తే మళ్లీ మొలవవు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం పెద్దవాళ్లు 80 డెసిబెళ్ల దగ్గర వారానికి 40 గంటలు వినొచ్చు. 90 దగ్గర వారానికి 4 గంటలే. పిల్లలకి ఆ 40 గంటల హద్దు 75 దగ్గరే. 10 డెసిబెళ్లు పెంచితే పదో వంతు టైమే మిగులుతుంది. మా వాడు కూలర్ హోరు మీద రోజుకి ఐదు గంటలు వింటున్నాడు. వాడు కొనబోయిన డబ్బా పని, ఆ నాబ్‌కి ఇంకా తాకత్ ఇవ్వడం. డబ్బు ఉండి ఉంటే కొనేసేవాడే. ఎవరూ ఆపకపోదురు.

అందుకే అమ్మీ అబ్బాలతో నా మష్వరా ఇది. పిల్లవాడు ఆంప్ అడిగితే ముందు ధర అడగకండి. "ఎందుకు చాలడం లేదు బేటా?" అని అడగండి. దాదీ, నానా లాంటి బుజుర్గులకి టీవీ వినపడడం లేదని హెడ్‌ఫోన్‌కి ఆంప్ తగిలించే ఇళ్లు కూడా చూశాను. అదీ తప్పే. చెవి తగ్గినవాళ్లకి అన్ని స్వరాలూ ఒకేలా తగ్గవు, అన్నీ కలిపి పెంచితే ఉన్నదీ పోతుంది. వాళ్లకి కావాల్సింది వినికిడి పరీక్ష, దానికి తగ్గట్టు అమర్చిన యంత్రం. తక్కువ ఆమ్దనీ ఉన్నవాళ్లకి కేంద్రం ఎడిప్ పథకం కింద వినికిడి యంత్రాలు ఇస్తుంది. సర్కారీ ఆసుపత్రి చెవి విభాగంలో అడిగి తెలుసుకోండి.

ఈఎంఐ సంగతి కూడా చెప్పాలి. "నో కాస్ట్" అన్నారు కాబట్టి సూద్ లేదని మా వాడి వాదన. 2013లోనే రిజర్వు బ్యాంకు, సున్నా శాతం వడ్డీ అనేదే ఉండదని బ్యాంకులకి సాఫ్‌గా చెప్పింది. వడ్డీ ధరలో దాక్కుంటుంది, లేదా మీకు రావాల్సిన తగ్గింపులో మాయమవుతుంది. దీని షరయీ హుకుం మీ ఆలిమ్‌ని అడగండి. దునియా హుకుం మాత్రం నేను చెప్తాను. షౌక్‌కి అప్పు చేయకూడదు. వస్తువు పాతబడ్డాక కూడా ఖిస్తీ కొత్తగానే ఉంటుంది.

ఇంత చెప్పాక కూడా, లెక్క వేస్తే నిజంగా ఆంప్ కావాల్సినవాళ్లు ఉంటారు. వాళ్లకి మన సీమ సంగతులు రెండు మూడు చెప్తాను, దుకాణాల్లో ఇవి చెప్పరు.

అమెరికాలో ఉన్న బంధువుతో తెప్పించేటప్పుడు జాగ్రత్త. జేడీఎస్ ల్యాబ్స్ ఆటమ్, షీట్ మాగ్నీ లాంటి పేరున్న చవక ఆంప్‌లు లాప్‌టాప్ చార్జర్ లాంటివాటితో నడవవు, బరువైన ఏసీ అడాప్టర్‌తో నడుస్తాయి. అక్కడి అడాప్టర్ అక్కడి 120 వోల్టులకి చేసింది. మన 230 మీద పెడితే కాలుతుంది. మన వోల్టేజీ అడాప్టర్ అడిగి తెప్పించుకోండి. కువైట్‌లో కరెంటు 240 వోల్టులు, కాబట్టి అక్కడ కొన్నదానికి ఈ బాధ లేదు, ప్లగ్గు మార్చుకుంటే చాలు.

రెండోది ఎర్త్. హెడ్‌ఫోన్లో "గుంయ్" అనే శబ్దం వస్తే ఆంప్‌ని తిట్టకముందు ఇంటి ఎర్త్ గుంత చూడండి. మన నేల ఎండిపోతే ఎర్త్ పనిచేయదు. పాతకాలం కరెంటు పనివాళ్లు ఆ గుంతలో ఉప్పు, బొగ్గు వేయించి, ఎండాకాలం బిందెడు నీళ్లు పోయమనేది అందుకే. లాప్‌టాప్ చార్జర్ తీసేస్తే గుంయ్ ఆగిందంటే జవాబు దొరికినట్టే.

మూడోది వేడి. ట్యూబు ఆంప్‌లు, క్లాస్-ఏ ఆంప్‌లు చూడ్డానికి ఖూబ్‌సూరత్‌గా ఉంటాయి, కానీ వాటి నైజమే కాలడం. 43 డిగ్రీల కడప గదిలో ఇంకో పొయ్యి ఎవరికి కావాలి?

ఖర్చు పెట్టే వరస కూడా చెప్తాను. ముందు చెవికి సరిగ్గా కూర్చునే హెడ్‌ఫోన్. తర్వాత మంచి రికార్డింగు. తర్వాత గదిలో కాస్త ఖామోషీ. ఆంప్ ఆఖర్న. ఆవాజ్ తేడాలో ఎక్కువ భాగం మొదటి మూడింటిలోనే ఉంది.

మా వాడు దిండ్లు మార్చాడు. ఫోన్లో వోల్యూమ్ హద్దు పెట్టుకున్నాడు. కూలర్ నడిచేటప్పుడు వినడం మానేశాడు, ఫజర్ తర్వాత కరెంటు చల్లబడ్డ ఆ గంట వింటున్నాడు. మొన్న ఫోన్ చేసి, మిన్షావీ తిలావత్‌లో ఒకచోట దూరంగా ఎవరో దగ్గారు మామూ, ఇన్నేళ్లూ వినలేదు అన్నాడు. ఈల పోయిందా అని అడిగాను. "తగ్గింది, పోలేదు" అన్నాడు. ఆరు నెలల తర్వాత మళ్లీ ఆడియోగ్రామ్ ఉంది. దుఆ చేయండి.

ఆ 14,000 గురించి ఆపా అడిగింది, ఇంతకీ కొంటాడా లేదా అని. చదువు అయ్యాక, సొంత కమాయీతో, లెక్క వేసి కావాలని తేలితే కొంటాడు. అప్పుడు నేనే పక్కన ఉండి కొనిపిస్తాను.

అల్లాహ్ హాఫిజ్.